ఊరికే కత్తిరించుకున్న జుట్టు

మా ఇల్లు,
ఆదివారం మధ్యాహ్నం.

చేపపిల్లకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానంటే కొంప ఏదో మునిగిందనుకుంటావు. ఏమీ మునగలేదు. జుట్టు కత్తిరించుకున్నాను. ఫోన్లోనే చెప్పొచ్చు కానీ, నేను ఫోన్ ఎత్తితే చాలు, మీ అమ్మగారు టీవీ శబ్దం తగ్గిస్తారు. అందుకే కాగితం.

నడుం కిందికి దిగే జడ ఇప్పుడు చెవి తమ్మె దాటలేదు. పోయిన వారం షాపు నుంచి ఇంటికొస్తూ, దారిలో రోజూ చూసే సెలూన్‌లోకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి జడని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "ఇంట్లో చెప్పారా మేడమ్?" అంది. నాకు యాభై ఏళ్ళు. కాలేజీలో చదివే కూతురుంది. పోయినేడు దవడ పన్ను పీకించుకోవడానికి వెళ్తే డాక్టరు అడగలేదు, ఇంట్లో చెప్పారా అని. చెప్పానని అబద్ధమాడేశాను. ఆడాక నా మీద నాకే ఒళ్ళు మండింది. చెప్పలేదు, చెప్పక్కర్లేదు అనాల్సింది.

కత్తెర పెట్టేటప్పుడు ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. మెడకి గాలి తగిలింది. ఇన్నేళ్ళూ నా మెడకి గాలి తగలనేలేదని అప్పుడే తెలిసింది.

సాయంత్రం మీ అన్నయ్య వచ్చారు. తలుపు తీశాను. రోజంతా ఊళ్ళో లిఫ్టులు తనిఖీ చేసే మనిషి, తనే తప్పు అంతస్తులో దిగినట్టు ఒకసారి నన్నూ, ఒకసారి తలుపు మీది నంబరునూ చూశారు. "ఒక్క మాట అడగాల్సింది" అన్నారు. అంతే. ఆ తరువాత నాతో మాట లేదు. భోజనానికి నా ఎదురుగానే కూర్చుని, "అమ్మా, రేపు నేను పెందలాడే వెళ్ళాలని చెప్పు" అంటారు. అత్తయ్య నా వైపు తిరిగి "పెందలాడే వెళ్ళాలట" అంటారు. "వినబడింది" అంటాను. అత్తయ్య మళ్ళీ అటు తిరిగి "వినబడిందట" అంటారు. ఇదీ వరస.

అలిగితే రెండు పూటలు అలుగుతారులే అనుకున్నాను. వారం దాటిపోయింది. మీ అన్నయ్యని నువ్వు నాకన్నా ముందు నుంచి ఎరుగుదువు. ఆ నోరు ఎప్పుడు తెరుచుకుంటుందో కాస్త చెప్పు.

మీ వదిన

*

పూల్ పక్కన కోచ్ గది,
పిల్లల బ్యాచ్ ఇళ్ళకి వెళ్ళాక.

వదినకి,

నీ ఉత్తరం చదివి ముందు నా తల నేను తడుముకున్నాను. నిజం చెప్పనా, నువ్వు మా ఇంటికొచ్చిన కొత్తలో నీ జడ చూస్తే నాకు కుళ్ళు. చిన్నప్పుడే నాన్న నన్ను నీళ్ళలో దింపి క్రాఫు కొట్టించారు. జుట్టుంటే ఈతలో వేగం తగ్గుతుందట. పోటీలు అయిపోయాయి, నాన్న పోయారు, నేనిప్పుడు గట్టు మీద నిలబడి ఈల ఊదే కోచ్‌ని. క్రాఫు మాత్రం అలాగే ఉండిపోయింది. నలభై ఆరేళ్ళు వచ్చాక, ఒక్కసారి జుట్టంటూ ఉంటే ఎలా ఉంటుందో చూద్దామని పోయిన వేసవి నుంచి పెంచుతున్నాను. నీకు చెప్పలేదు. నవ్వుతావని.

ఇప్పుడు భుజాల దాకా వచ్చింది. ఇక్కడ అందరూ నన్ను ఎలా చూస్తున్నారనుకున్నావు? పిల్లల్ని దింపడానికొచ్చే ఒకావిడ, "ఈ వయసులో పెంచుతున్నారేంటి మేడమ్, అందరూ కత్తిరించుకునే వయసు కదా" అంది. నేనేదో దిగాల్సిన బస్సు స్టాపు దాటిపోయినట్టు. పూల్ మేనేజర్ నా ఈత టోపీ చూసి, లోపల పావురాన్ని పెట్టుకున్నారా అన్నాడు. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దవాడు, నెత్తి మీద ఉన్న నాలుగు వెంట్రుకల్నీ ఇటు నుంచి అటు దువ్వుకుంటాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనరు.

అన్నయ్య అలక గురించి అడిగావు. చిన్నప్పుడు ఒక సైకిల్‌కి తనతో చెప్పకుండా ఎర్ర రంగు వేశానని వేసవి సెలవులన్నీ నాతో మాట్లాడలేదు. సైకిల్ ఎవరిదని అడుగు. నాదే. కాబట్టి నువ్వు కాస్త ఓపిక పట్టాలి.

కానీ వదినా, ఉన్నట్టుండి ఎందుకు? నువ్వు ఆవేశపడి పనులు చేసే మనిషివి కావు. షాపులో ఒక్క కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళకి నలభై ఫ్రేములు తీసి చూపిస్తావు. ఏదో దాస్తున్నావు. నాకు కాకపోతే ఇంకెవరికి చెప్తావు?

నీ చేపపిల్ల

*

కళ్ళజోళ్ళ షాపు, వెనకగది,
భోజనాల విరామం.

చేపపిల్లకి,

మీ అన్నయ్య ఇంకా నోరు తెరవలేదు. ఎర్ర సైకిల్ సంగతి విని ఒక్కదాన్నే నవ్వుకున్నాను, తరువాత భయమేసింది. వేసవి సెలవులన్నీ అంటే ఎంతకాలం?

ఇక్కడ కొత్త తంటా వచ్చిపడింది. పక్క వాటా ఆవిడ అత్తయ్యని నా జుట్టు గురించి అడిగిందట. కోడలు తన ఇష్టప్రకారం కత్తిరించుకుందని చెప్పడానికి అత్తయ్యకి నోరు రాలేదు. "దానికి ఒంట్లో బాగుండటం లేదు, డాక్టరు చెప్పాడు" అనేశారు. ఏ జబ్బో చెప్పలేదు. చెప్పి ఉంటే నయం. ఇప్పుడు మెట్ల మీద ఎదురుపడిన ప్రతివాళ్ళూ నా చేతిలో సంచి లాక్కుని పై దాకా మోసుకొస్తున్నారు. రెండో అంతస్తు ఆవిడ పళ్ళు తెచ్చి నా పక్కన కూర్చుని, చెయ్యి నిమిరి, "ధైర్యంగా ఉండాలి" అంది. ధైర్యంగానే ఉన్నానండీ, ఊరికే కత్తిరించుకున్నాను అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇంత బాధలోనూ ఎంత నిబ్బరమో అంది.

అత్తయ్యని అడిగాను, ఎందుకలా చెప్పారని. "మరేం చెప్పమంటావు? ఏదో ఒక కారణం ఉండాలిగా" అన్నారు. ఆవిడ మీద కోపం కూడా సరిగ్గా రాలేదు. నన్ను కాపాడుతున్నాననే అనుకుంటున్నారు.

షాపులోనూ అంతే. నీకు తెలుసు కదా, ఇక్కడ అద్దాలకి కొదవ లేదు, ఎటు తిరిగినా నా మొహమే. ఇన్నాళ్ళూ వచ్చేవాళ్ళు "ఆ జడావిడని పిలవండి, ఆవిడైతే బాగా చూపిస్తుంది" అనేవాళ్ళు. నేను చూపించే ఫ్రేముల వల్ల కాదా నన్ను పిలిచేది, జడ వల్లా? ఓనరు మొన్న నన్ను పక్కకి పిలిచి, "కొన్నాళ్ళు లోపల లెన్సుల పని చూసుకోండి, కౌంటర్ దగ్గర నిలబడి అలిసిపోతారు" అన్నాడు. అలిసిపోయానని ఎవరు చెప్పారండీ అంటే, మా పక్క వాటా ఆవిడ కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి వచ్చిందట. నేను బాగున్నానని నచ్చజెప్పేసరికి నా ప్రాణం పోయింది. చివరికి కౌంటర్ నాకే ఉంచాడు కానీ, పక్కన ఒక కుర్చీ వేయించాడు.

ఇక నువ్వడిగిన మాట. దాస్తున్నాననే అనుకో.

చలికాలం నుంచి నా కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేనట, ఏడాదో రెండేళ్ళో ఉండి దానంతటదే వదులుతుందట, డాక్టరు చెప్పాడు. నాకు జడ వేసేది మా అమ్మాయే కదా. అది కాలేజీ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. అత్తయ్య చేతులు వణుకుతాయి. ఒకరోజు పొద్దున మీ అన్నయ్యని అడిగాను, ఒక్కసారి జడ వేస్తారా అని. ఆయన నవ్వారు. "రోజంతా లిఫ్టుల దగ్గర ఇనుప తాళ్ళ పేటలు చూసి చూసి కళ్ళు పోతున్నాయి, ఇంట్లో కూడా తాళ్ళేనా" అన్నారు. చెడ్డ మనసుతో అనలేదు. షూ వేసుకుని వెళ్ళిపోయారు. నేను జుట్టు చివర పళ్ళతో పట్టుకుని ఒంటిచేత్తో అల్లుకున్నాను. నెలల తరబడి అలాగే అల్లుకున్నాను, ఆయన చూడలేదు.

ఇది చదివి నువ్వు అయ్యో అంటావని తెలుసు. అనకు. అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను. భుజం బాగున్నా నేను కత్తిరించుకునేదాన్ని. ఎన్నో ఏళ్ళ నుంచి అనుకుంటున్నాను. తలంటుకున్న ప్రతి ఆదివారం, అది ఆరే దాకా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ అనుకునేదాన్ని. ధైర్యం చాల్లేదు. నొప్పి వచ్చింది కాబట్టి విసుగు వచ్చింది, విసుగు వచ్చింది కాబట్టి సెలూన్ మెట్లెక్కాను. అంతే తప్ప నొప్పి వల్ల కత్తిరించుకోలేదు.

మీ అన్నయ్యకి చెప్పకు. చెప్తే క్షమించేస్తారు. నాకది వద్దు.

మీ వదిన

*

మా ఇల్లు,
సెలవురోజు.

వదినకి,

తిడతావని తెలిసే రాస్తున్నాను. అన్నయ్యకి చెప్పేశాను.

నీ ఉత్తరం చదివాక ఆ పళ్ళతో జుట్టు పట్టుకున్న మాట నా కళ్ళ ముందు నుంచి పోలేదు. పిల్లలకి ఈత నేర్పుతూ ఎవరికి ఏం చెప్తున్నానో నాకే తెలియలేదు. సాయంత్రం ఫోన్ తీసి, "వదిన చెయ్యి పైకి లేవడం లేదని నీకు తెలుసా?" అన్నాను. "నాతో చెప్పలేదే" అన్నాడు. "నిన్ను జడ వేయమని అడిగింది కదా." "అది వేళాకోళం అనుకున్నాను." "ఇన్ని నెలలుగా ఒంటిచేత్తో వేసుకుంటుంటే చూడలేదా?" దాంతో గొంతు పూర్తిగా మారిపోయింది వదినా. "నేను మనిషినేనా" అన్నాడు. అన్నయ్య నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఈపాటికి నీతో మాట్లాడే ఉంటాడు. నువ్వు వద్దన్నావు, నిజమే. కానీ ఒక్క మాటతో పోయే దానికి ఇద్దరూ ఒకే ఇంట్లో మూగనోము పట్టడం నాకు నచ్చలేదు. పట్టుదల ఎక్కడ పనికొస్తుందో అక్కడ పడితే సరే. ఇది పనికొచ్చే చోటు కాదనిపించింది.

ఎలా ఉందో రాయి. భుజం జాగ్రత్త.

చేపపిల్ల

*

మా ఇల్లు.

ఆడపడుచు గారికి,

మీ అన్నయ్య మాట్లాడుతున్నారు. మీరు కోరుకున్నట్టే అయింది. సంతోషించండి.

ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకి వచ్చి నా పక్కన కూర్చున్నారు. కళ్ళలో నీళ్ళున్నాయి. "ఇంత బాధపడుతూ నాకు చెప్పలేదేం, నాకు తెలిస్తే ఏమన్నా అనేవాణ్ణా" అన్నారు. వేడినీళ్ళ సంచీ కొన్నారు. నా భుజం కింద రెండు దిండ్లు పెడుతున్నారు. పొద్దున తనే దువ్వెన తీసుకుని నా చెవుల దాకా ఉన్న జుట్టు దువ్వుతున్నారు. కుడిచెయ్యి పైకి లేవకపోతే ఎడమచేత్తో దువ్వుకోగలను, ఆ మాత్రం జుట్టే మిగిలింది, కానీ వద్దంటే నొచ్చుకుంటారు.

అందరికీ చెప్తున్నారు. వాచ్‌మన్‌కి, పక్కవాళ్ళకి, ఫోన్లో తన ఆఫీసు వాళ్ళకి. "పాపం, భుజం పట్టేసింది, అందుకని తీసేయాల్సొచ్చింది, బాగయ్యాక మళ్ళీ పెంచుకుంటుంది." పెంచుకుంటానని నేనెవరితో అన్నాను? నిన్న ఒక నూనె సీసా తెచ్చారు. త్వరగా పెరుగుతుందట. రాసుకున్నావా అని పొద్దునా సాయంత్రం అడుగుతున్నారు.

నిన్న ఉండబట్టలేక అన్నాను, "నేను ఊరికే కత్తిరించుకున్నానండీ, నొప్పి లేకపోయినా కత్తిరించుకునేదాన్ని" అని. ఆయన నా తల నిమిరి, "నాకు తెలుసులే, నా మనసు కష్టపడకూడదని అంటున్నావు" అన్నారు.

ఇప్పుడు చెప్పండి, దీనికి నేనేం జవాబివ్వాలి? ఆయన అలిగినప్పుడు కనీసం నేనే ఆ పని చేశానని ఒప్పుకున్నట్టుండేది. ఇప్పుడు చేసింది నేను కాదు, నా భుజం. మీ అన్నయ్య నాతో మాట్లాడటం లేదు, నా భుజంతో మాట్లాడుతున్నారు. ఇంటిల్లిపాదీ నా మీద జాలిపడుతుంటే, నేనే పనిగట్టుకుని పోట్లాడే గయ్యాళిలా ఉన్నాను.

వద్దని రాశాను. అంత చిన్న మాట. మీకు నచ్చలేదు కాబట్టి చెప్పేశారు. నా జుట్టు గురించి ఎవరికి ఏం చెప్పాలో కూడా నా చేతిలో లేదన్నమాట.

కొన్నాళ్ళు నాకు ఉత్తరం రాయకండి.

*

కోచ్ గది,
వాన పడి బ్యాచ్‌లు రద్దయిన రోజు.

వదినకి,

కొన్నాళ్ళు అన్నావు. చాలా నెలలు ఆగాను. ఇంకా కొన్నాళ్ళు కాలేదేమో తెలియదు, చించి పారేసినా సరే అని రాస్తున్నాను.

మొదట నాకూ కోపం వచ్చింది. ఉపకారం చేస్తే ఆడపడుచు గారని, మీరని అంటుందా అనుకున్నాను. తరువాత ఒకటి జరిగింది.

నేను మళ్ళీ క్రాఫు కొట్టించుకున్నాను. ఎవరికో భయపడి కాదు. జుట్టు నాకు పడలేదు. రోజంతా తడి, మెడ మీద చల్లగా ఏదో పాకుతున్నట్టు. ఆరబెట్టుకోవడానికే గంట పట్టేది. ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను, చూశాను, చాలనిపించింది. నీళ్ళలోకి దూకితే పాత ప్రాణం లేచొచ్చింది. తమాషా ఏమిటంటే, ఇన్నేళ్ళూ ఆ క్రాఫు నాన్నది. ఇది మాత్రం నాది. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయి.

కానీ ఆ మాట ఎవరికి అర్థమవుతుంది? మేనేజర్ "హమ్మయ్య, దారికొచ్చారు" అన్నాడు. పిల్లల్ని దింపడానికొచ్చే ఆ బస్సు స్టాపు ఆవిడ, "నేను చెప్పాను కదా మేడమ్, మీ వయసుకి ఇదే తగ్గట్టుంది" అంది, తనే కత్తెర పట్టినంత గర్వంగా. మీరు చెప్పినందుకు కాదండీ అంటే నవ్వుతుంది. పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చాను. అప్పుడు నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను.

నీ కారణం నీ దగ్గర నుంచి లాక్కుని, వాళ్ళకి పనికొచ్చే కారణం ఒకటి నేనే మోసుకెళ్ళి ఇచ్చాను. అలా చేసి ఉండకూడదు. అన్నయ్య అలక పోతే చాలనుకున్నాను, నీకు ఏం కావాలో నువ్వు రాసినా చదవలేదు.

అమ్మ చెప్పింది, చెయ్యి లేస్తోందని. సంతోషం.

నన్ను మళ్ళీ నువ్వు అని పిలువు, చాలు.

చేపపిల్ల

*

మా ఇల్లు,
శనివారం సాయంత్రం.

చేపపిల్లా,

చించలేదు. రెండుసార్లు చదివాను. నీ టోపీలోంచి పావురం ఎగిరిపోయిందన్నమాట.

చెయ్యి బాగైంది. డాక్టరు చెప్పిన వ్యాయామం ఒకటుంది, గోడ మీద వేళ్ళని పాకించుకుంటూ పైకి తీసుకెళ్ళాలి. మీ అన్నయ్య పక్కన పెన్సిల్ పట్టుకుని నిలబడేవారు. ఎంత పైకి వెళ్తే అక్కడ గీత. లిఫ్టు ఏ అంతస్తు దాకా వచ్చిందో రాసుకున్నట్టు. విసుక్కోలేదు, ఒక్కరోజు మానలేదు. ఆ మాట చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టవుతుంది. పోయిన వారం చెయ్యి పూర్తిగా నిటారుగా లేచింది. చివరి గీత గీసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, "ఇంక హాయిగా జడ వేసుకోవచ్చు" అన్నారు.

జుట్టు అప్పటికి భుజాల మీద పడుతోంది. ఇంట్లో అందరూ దాన్నే చూస్తున్నారు, పాలు పొంగడానికి ఎదురుచూసినట్టు. నేనూ అద్దంలో చూసుకున్నాను, నిజంగా. పెంచనా అని నన్ను నేను అడిగాను. పెంచాలనిపిస్తే పెంచేదాన్నే, పంతం కోసం కత్తిరించుకునే పని లేదు. అనిపించలేదు.

ఈ రోజు పొద్దున టీ తాగుతూ చెప్పాను. అడగలేదు, చెప్పాను. "సాయంత్రం షాపు నుంచి సెలూన్‌కి వెళ్ళి వస్తాను. మళ్ళీ పొట్టిగా కత్తిరించుకుంటాను."

కప్పు కింద పెట్టారు. "భుజం బాగైంది కదా."

"బాగైంది."

"మరి ఇంకెందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా చేస్తారా?"

"మీరు పోయినేడు మీసం తీసేశారు. ఎందుకని నేను అడగలేదు."

"అది వేరు."

"ఏం వేరు?"

ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, నేను చూశాను. పైపెదవి తడుముకున్నారు. అత్తయ్య వంటగది గుమ్మంలోకి వచ్చి, "ఈసారి నేను అందరికీ ఏం చెప్పాలే?" అన్నారు. "దాని ఇష్టం అని చెప్పండి అత్తయ్యా. నమ్మకపోతే నా దగ్గరికి పంపించండి" అన్నాను. ఆవిడ ఆ మాటని నోట్లోనే ఒకటి రెండుసార్లు అనుకున్నారు. రాని పద్యం వల్లె వేస్తున్నట్టు.

సాయంత్రం కత్తిరించుకుని వచ్చాను. ఈసారి మెడ వెనక ఇంకా పైకి. మీ అన్నయ్య హాల్లో కూర్చుని ఉన్నారు. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. చెప్పుల కోసం చూశారు కూడా. వెళ్ళలేదు. నా మొహంలోకి చూసి, "నాకు నచ్చలేదు" అన్నారు.

"తెలుసు."

"మునుపటిదే బాగుండేది."

"మీకు."

"నాకే. నాకు బాగుండేది అనే చెప్తున్నాను." గొంతు పెరిగింది. "ఇన్నేళ్ళూ చూసిన జడ. నువ్వు ముందు గదిలో నడుస్తుంటే వెనక నుంచి అది కనబడేది. ఇప్పుడు ఎవరో నడుస్తున్నట్టుంది. అది పోయినందుకు నాకు కష్టంగా ఉండకూడదా?"

అది నాకు అప్పటిదాకా తెలియదు చేపపిల్లా. ఒక్క మాట అడగాల్సింది అన్నారే గానీ, కష్టంగా ఉందని ఈ మనిషి ఇన్నాళ్ళలో నాతో అనలేదు. "ఉండొచ్చు" అన్నాను. "మీ కష్టం మీది. అది పోగొట్టడానికి నేను జుట్టు పెంచను. చెప్తే మాత్రం వింటాను." ఆయన ఇంకా ఏదో అన్నారు, నేనూ ఏదో అన్నాను. అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. ఎవరూ గెలవలేదు. ఆయన విసురుగా లేచి కంచాలు పెట్టారు, పెడుతూ కూడా గొణుగుతూనే ఉన్నారు.

రేపూ అంటారు. ఎల్లుండీ అంటారు. వినడానికి విసుగ్గానే ఉంటుంది, అబద్ధమెందుకు. కానీ ఇప్పుడు ఆయన వంటగదిలో గిన్నెలు కడుగుతూ, పలకకుండా కాదు, గట్టిగా నా మీదే విసుక్కుంటున్నారు. నేను ఇక్కడ కూర్చుని జవాబు చెప్తూ నీకు రాస్తున్నాను.

అమ్మాయి సెలవులకి వస్తోంది. నువ్వూ రా. నీ క్రాఫు నాకు నచ్చకపోతే చెప్తాను, నా జుట్టు నీకు నచ్చకపోతే మొహం మీదే చెప్పు. మీ అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పకు.

మీ వదిన